నిమిషం రెండు వందల పెసోలు

సెగుందో మైగువా ఉదయం పదీ ఇరవైకి చనిపోయాడు. చెవి దగ్గర ఫోన్ ఉంది. ఆ ఫోన్‌కి మూరెడు గొలుసు. గొలుసు రెండో కొస ఒక ముసలావిడ తొడుక్కున్న పసుపు కోటుకి కట్టి ఉంది. మోటార్‌సైకిల్ మీద ఇద్దరొచ్చారు. వెనకవాడు రెండుసార్లు కాల్చాడు. సెగుందో పడిపోతూ కూడా ఫోన్ వదల్లేదు. గొలుసు లాగేసరికి ముసలావిడ అతనితో పాటు సగానికి వంగిపోయింది.

ఊరు ఇపియాలెస్. కొలంబియా కొసన, ఈక్వడార్ సరిహద్దుకి కూతవేటు దూరం. ఫోన్ నిమిషాలు చిల్లరగా అమ్ముడుపోయే రోజులవి. ప్రతి మూలనా ఎవరో ఒకరు ఒంటినిండా ఫోన్లు వేలాడేసుకుని "నిమిషాలు, నిమిషాలు" అని కేకలేస్తుండేవాళ్లు. కొన్నవాడు ఫోన్‌తో ఉడాయించకుండా గొలుసు. ప్రేమ కబుర్లైనా, తగాదాలైనా అమ్మే మనిషి పక్కనే నిలబడి మాట్లాడుకోవాల్సిందే. ఎవరూ సిగ్గుపడేవాళ్లు కాదు.

అవతల ఈక్వడార్ రాజధాని కీటోలో సెగుందో భార్య నార్సిసా ఆ రెండు తుపాకీ దెబ్బలూ విన్నది. ఆఫీసు కాల్ నలభై సెకన్లకే అయిపోతే, "మిగిలిన ఇరవై సెకన్లు కొసరు, ఇంటికి మాట్లాడుకో నాయనా" అంది ముసలావిడ. అతను పెళ్లానికి చేసి, చిన్నదానికి జ్వరం తగ్గిందా అని అడిగాడు. "నిదానంగా మాట్లాడుకో నాయనా" అంది పక్కనుంచి ముసలావిడ. తగ్గిందని ఆమె చెప్పింది. ఆ మాట అతని చెవిన పడిందో లేదో ఎవరికీ తెలియదు.

ఏడాదిలో ఆ ఊళ్లో చచ్చిన మూడో ఈక్వడార్ రహస్య ఏజెంటు అతను.

*

"కూర్చోండి ఫౌస్తో గారూ. మైగువా గారి విషయం విన్నాం. చాలా విచారం."

కీటోలోని గూఢచారి ఆఫీసుకి పెద్ద, ఎకనమిస్ట్ అర్రోబో. ఆయన విచారం రెండు సెకన్లు నడిచింది. తర్వాత ఫైలు తెరిచాడు. ఒకప్పుడు ఆ కుర్చీలో ఒక కర్నల్ కూర్చునేవాడు. ఆయనకి బూతులొచ్చేవి, మనుషుల పేర్లు గుర్తుండేవి. రెండేళ్లుగా ఈయన. పేరుకి ముందు చదువు తగిలించకపోతే పలకడు.

ఫౌస్తో చుల్దేకి నలభై నాలుగేళ్లు. సరిహద్దు పక్కనే బంగాళాదుంపల వ్యాపారుల ఇంట్లో పుట్టాడు. సెగుందో కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్నది అతనే. అందుకే పాత స్నేహితులైన వాళ్లిద్దరూ ఒకరినొకరు "కొంపాద్రే" అని పిలుచుకునేవాళ్లు. అలాంటి వరస కుదిరాక మనిషి చచ్చినా తెగదు. ఫౌస్తో రెండు రాత్రులుగా నిద్రపోలేదు.

"మిషన్ ఏమిటంటే," అన్నాడు అర్రోబో. "ఇపియాలెస్‌లో ఒక చక్కెర గోడౌను ఉంది. పైకి చక్కెర. బస్తాల అడుగున పేలుడు మందు. విదేశీ ముఠా. మన దేశంలోకి తోలుతున్నారు. ఆ గోడౌన్లో గుమస్తా ఎదిల్మా తైమల్. ఏ లారీ, ఏ తేదీ, మన కస్టమ్స్‌లో ఎవరి చెయ్యి తడిపారు, అన్నీ రాసి పెట్టుకుంది. ఆ అమ్మాయిని సరిహద్దు మీది రుమిచాకా వంతెన దాటించి తేవాలి."

"ముఠాకి ఆమె సంగతి తెలుసా?"

"లోపల ఎవరో ఉన్నారని తెలుసు. ఎవరో తెలియదు. పేరు, మొహం, నంబరు, ఏదీ తెలియదు. మైగువా గారు రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఆమెకి ఫోన్ చెయ్యలేదు. చర్చిలో కలిసేవారట."

"తెలిస్తే?"

"సాయంత్రం దాకా బతకదు." అర్రోబో పేజీ తిప్పాడు. "మీరు దుంపల వ్యాపారి. బస్తాలంటే ఆ అమ్మాయి. ధర పెరిగిందంటే ప్రమాదం. ఆమె దగ్గర మైగువా గారు కొనిచ్చిన ఫోన్ ఉంది. ఒక్క కాల్ ఎత్తుతుంది. వెంటనే బ్యాటరీ తీసేస్తుంది."

పరికరాల గది నుంచి వచ్చిన డబ్బా కూడా బల్ల మీదే ఉంది. తిరగేసి తొడుక్కుంటే రంగు మారే కోటు. బొత్తాంలో ఇమిడే మైక్రోఫోన్. దానికి బ్యాటరీ లేదు. బ్యాటరీల కొనుగోలు వచ్చే త్రైమాసికంలో.

"నా ఫోన్‌కి రోమింగ్ పెట్టించండి ఎకనమిస్ట్ గారూ. ఈ ఒక్కసారికి."

అర్రోబో బాధగా చూశాడు. "సర్క్యులర్ పద్నాలుగు చదివారు కదా? విదేశాల్లో రోమింగ్ రద్దు. ఖర్చు ఎత్తినవాడి మీద పడే కలెక్ట్ కాల్స్ తీసుకోం. రోజుకి ఏజెంటుకి ఒక్క కాల్, స్థానికంగా చౌకైన మార్గంలో. ఇపియాలెస్‌కి అనుబంధం కూడా ఇచ్చాం. శాన్ రోకె హోటల్ మూలన దోన్యా రొసల్బా అని ఒక పెద్దావిడ ఉంటుంది. మిగతావాళ్లు మన దేశానికి నిమిషం ఎనిమిది వందల పెసోలు గుంజుతుంటే ఈవిడ రెండు వందలే. పైగా మిగిలిన సెకన్లు కొసరు! మన ఏజెంట్లందరూ మెచ్చుకున్నారు. మైగువా గారు కూడా."

"ఆ మూలనే కదండీ చచ్చిపోయాడు?"

"అది మూల తప్పు కాదు కదా," అన్నాడు అర్రోబో.

*

మర్నాడు ఉదయం పదింటికి ఫౌస్తో ఆ మూలన నిలబడ్డాడు. చేతిలో ఒక దుంపల సంచి, నెత్తిన ఊలు టోపీ. పుట్టిన ఇంటి వేషం కాబట్టి నటించాల్సిన పని లేదు.

దోన్యా రొసల్బా స్టూలు మీద కూర్చుని స్వెట్టర్ అల్లుతోంది. పసుపు కోటు, ఆరు ఫోన్లు, ఆరు గొలుసులు. డెబ్బై ఏళ్లుంటాయి. బుగ్గలు ఎర్రగా, చూడగానే కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించే మొహం.

"ఏ దేశానికి నాయనా?"

"ఒకటి కీటోకి, ఒకటి ఈ ఊళ్లోకే."

"రెంటికీ ఒకే రేటు. నీకంటే నాకు ఎక్కువా ఏం?"

కీటో కాల్ ముప్పై సెకన్లు. వచ్చానని చెప్పాడు. తర్వాత ఎదిల్మా నంబరు నొక్కాడు. నాలుగు రింగుల తర్వాత సన్నటి గొంతు "ఎవరండీ?" అంది.

"దుంపల ఫౌస్తోని. బస్తాలు పన్నెండింటికి టెర్మినల్లో, తుకెర్రెస్ బస్సు ఆగేచోట దింపండి. నీలం గొడుగు గుర్తు."

"సరేనండీ." లైను తెగింది. ఈ పాటికి బ్యాటరీ కూడా తీసేసి ఉంటుంది.

"ఇంకా ముప్పై అయిదు సెకన్లున్నాయి," అంది దోన్యా రొసల్బా సూది ఆపకుండా. "కొసరు. ఇంటావిడకి చేసుకో."

"ఇంటావిడ లేదమ్మా."

"అయ్యో పాపం," అంది ఆవిడ నిజంగానే.

కొసరంటే ఫౌస్తోకి ప్రాణం. అతని దేశంలో అందరికీ అంతే. పది దుంపలు కొంటే పదకొండోది అడగనివాడు అక్కడ పుట్టడు. ఇవ్వనివాడి దగ్గర రెండోసారి కొనరు. అందుకే ఆ ముసలావిడ మీద అతనికి అనుమానం రాలేదు సరికదా, ఇంత మంచి మనిషి కళ్లముందే సెగుందో పోయాడే అని జాలి కూడా వేసింది.

*

ఎదురు కాఫీ కొట్లో వియొలెతా ఇన్సువాస్తి కూర్చుని ఉంది. ఎర్ర తోలుకోటు, చెవులకి వెండి రింగులు, బల్ల మీద రెండు ఖరీదైన ఫోన్లు. ఒకటి చక్కెర ముఠా కొనిచ్చింది. రెండోది మరెవరిదో ఫౌస్తో ఎప్పుడూ అడగలేదు. ఆమె ముఠా దగ్గర జీతం తీసుకుంటుంది, కీటో దగ్గరా తీసుకుంటుంది. ఆ సంగతి రెండువైపులా తెలుసు. అంత అందగత్తెని వదులుకోవడం రెండువైపులవాళ్లకీ ఇష్టం లేదు.

పొగలు కక్కుతున్న పళ్లరసంలో చెరుకు సారా పోయించుకుని తాగుతోంది. టైం పదకొండు.

"దుంపల వేషమా? నీకు వేరే వేషం దొరకదా?" అంది.

"నీకు వేరే పని దొరకదా?"

"ఫోన్ చేసి వచ్చినట్టున్నావ్."

"చేశాను. ఆవిడ మంచి మనిషి. ఎనిమిది వందల కాల్ రెండు వందలకే ఇస్తుంది. పైన కొసరు."

వియొలెతా నవ్వింది. నవ్వులో సంతోషం లేదు. "అంగట్లో పుట్టినవాడివి కదా ఫౌస్తో, నువ్వే చెప్పు. తనకి ఆరు వందలు పడే కాల్‌ని రోజంతా రెండు వందలకి అమ్మే ముసల్ది అన్నం ఎలా తింటుంది?"

ఫౌస్తో రోడ్డవతలి పసుపు కోటు వైపు చూశాడు. దుంపల్లో నష్టానికి అమ్మేవాణ్ణి వాళ్ల నాన్న ఒకసారి చూపించాడు. వాడు అసలు అమ్మేది దుంపలు కాదు. 

"ఆరు ఫోన్లలోనూ రికార్డర్లు," అంది వియొలెతా గొంతు తగ్గించి. "ఆ హోటలు చౌక కాబట్టి మీవాళ్లంతా అక్కడే దిగుతారు. ఆ మూల చౌక కాబట్టి అంతా అక్కడే మాట్లాడతారు. చుట్టుపక్కల నిమిషాలమ్మేవాళ్లని ముఠావాళ్లు కొట్టి తరిమారు. మీ రహస్య సంకేతాలు విప్పడానికి ఎవరూ చెమటోడ్చలేదు. ఒక ముసలిదానికి ఆరు ఫోన్లు కొనిచ్చారు, అంతే. సెగుందో గోడౌన్ లోపలి మనిషి పేరు రెండు నెలలు బయటపెట్టలేదు. విసిగిపోయి చంపేశారు."

"తెలిసి నోరు మూసుకున్నావా?"

"గుండె మీద చెయ్యేసుకుని అడుగు!" ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "అతను చచ్చే ముందు వారం మీ ఆఫీసుకి రెండుసార్లు చేశాను. నా బిల్లులో నంబరు పడకూడదని కలెక్ట్ కాల్ చేశాను. ఆపరేటరు నా పేరు చెప్పింది. 'ఖర్చు మేం భరించం' అని పెట్టేశారు. రెండుసార్లూ!"

ఫౌస్తో బల్ల అంచు పట్టుకున్నాడు. అయిదు నిమిషాల కాల్. ఆ అయిదు నిమిషాలు కొనుక్కుని ఉంటే తన కొంపాద్రే ఈపాటికి ఇంట్లో కూతురికి జడ వేస్తుండేవాడు. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

"ఇప్పుడెందుకు చెబుతున్నావ్?"

"రెండువైపులా జీతం తీసుకునేదాన్ని. ఒకవైపు వాళ్లంతా చస్తే రెండో జీతం ఎవడిస్తాడు?" గ్లాసు దించింది. "ఇంతకీ ఆ మనిషికి అక్కణ్ణుంచి చెయ్యలేదు కదా?"

ఫౌస్తో అప్పటికే కుర్చీ వెనక్కి తోసి లేచాడు. 

*

నీలం గొడుగు. టెర్మినల్. పన్నెండు. సెగుందో ప్రాణం పోయినా చెప్పనిది తను ముప్పై అయిదు సెకన్ల కొసరుతో సహా అప్పజెప్పాడు.

ఎదిల్మాకి మళ్లీ ఫోన్ చెయ్యలేడు. బ్యాటరీ లేని ఫోన్ మోగదు. టెర్మినల్‌కి పరిగెత్తినా హంతకులు అక్కడే ఉంటారు. వాళ్లని అక్కణ్ణుంచి కదిలించాలి. కదిలించగలిగే మనిషి ఈ ఊళ్లో ఒక్కతే. పసుపు కోటు వేసుకుని స్వెట్టర్ అల్లుతోంది.

మూల దగ్గరికి వెళ్లేసరికి పదకొండూ ఇరవై అయిదు. ఒక లావుపాటి మనిషి ఫోన్ పట్టుకుని అత్తగారితో పోట్లాడుతున్నాడు. పంది పిల్ల ఎవరిదన్నది తగాదా. మిగతా అయిదు ఫోన్లూ ఖాళీగా ఉన్నా "ఒకరి తర్వాత ఒకరు నాయనా, అందరూ ఒకేసారి మాట్లాడితే నాకు తల తిరుగుతుంది" అంది దోన్యా రొసల్బా. ఎందుకు తిరుగుతుందో ఇప్పుడు ఫౌస్తోకి తెలుసు, ప్రతి మాటా ఆవిడ చెవిన పడాలి. నవ్వుతూ నిలబడ్డాడు. పంది పిల్ల పదకొండూ నలభై ఆరు దాకా తేలలేదు.

ఎవరికి చెయ్యాలి? ఆఫీసులో రోజుకి ఒక్క కాలే, రెండోది ఎత్తరు. ఎత్తినా ఆ ఎకనమిస్టు "టెర్మినల్ అని కదా ఫైల్లో రాసుకున్నాం?" అంటాడు. మాటకి మాట అందుకునే మనిషి కావాలి.

నార్సిసా నంబరు నొక్కాడు. 

"హలో?"

"నేను, ఫౌస్తోని. దుంపల సంగతి. బస్తాలు టెర్మినల్‌కి వద్దు. అక్కడ కూలీలు దొరకలేదు. ఊరవతల లాస్ లాహాస్ చర్చి మెట్ల దగ్గర దింపించు. పన్నెండింటికే. ఆ పిల్ల నీకు ఫోన్ చేస్తుంది కదా, చెప్పెయ్."

అవతల నిశ్శబ్దం. ఊపిరి మాత్రం వినబడుతోంది.  ఏ దుంపలు, ఏ పిల్ల, నీకు మతి పోయిందా అని ఆమె ఒక్క మాటంటే ఎదిల్మా బతుకు ముగిసినట్టే.

"నిదానంగా మాట్లాడుకో నాయనా," అంది పక్కనుంచి దోన్యా రొసల్బా. "మిగిలినవి కొసరే కదా."

ఆ గొంతు ఫోన్లోంచి కీటో దాకా వెళ్లింది. నార్సిసా ఊపిరి ఆగింది. మూడు రోజుల క్రితం తుపాకీ పేలడానికి ముందు ఆమె విన్న ఆఖరి గొంతు అదే.

"చర్చి మెట్ల దగ్గరా?" అంది చివరికి. గొంతు పొడిగా, మామూలుగా ఉంది. "ఇందాకే చేసింది ఆ పిల్ల. మళ్లీ చెయ్యగానే చెబుతాను. పన్నెండింటికే కదా?"

"పన్నెండింటికే."

"సరే. మా ఆయనక్కూడా చెబుతాను, కంగారు పడకండి."

ఫోన్ పెట్టేసింది. ఫౌస్తో రెండు వందల పెసోల నాణెం ముసలావిడ అరచేతిలో పెట్టాడు. తర్వాత రోడ్డు మీదికెళ్లి, ఆవిడకి వినబడేలా "లాస్ లాహాస్‌కి వస్తావా?" అని అరిచి టాక్సీ ఎక్కాడు. రెండో మలుపులో దిగి, ఆఫీసు ఇచ్చిన కోటు తిరగేసి, ఇంకో టాక్సీ ఎక్కాడు.

*

టెర్మినల్. పదకొండూ యాభై ఎనిమిది.

తుకెర్రెస్ బస్సు ఆగేచోట మోటార్‌సైకిల్ నిలబడి ఉంది. ఇద్దరు. వెనకవాడి కుడిచెయ్యి జాకెట్ లోపల ఉంది. వాడు బస్సు దిగే ప్రతి ఆడమనిషి చేతికేసీ చూస్తున్నాడు. ఫౌస్తో స్తంభం వెనక ఆగాడు. దగ్గరికెళితే ఆమె ఎవరో తనే చూపించినట్టవుతుంది. తుపాకీ లేదు. సర్క్యులర్ తొమ్మిది ప్రకారం విదేశాల్లో తుపాకీ లేదు.

గేటు పక్క సందులోంచి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయి. బూడిదరంగు స్వెట్టరు, చంకలో సంచి, సంచిలోంచి నీలం గొడుగు పిడి కనబడుతోంది. గొడుగు బయటికి తీయడానికి చెయ్యి పెట్టింది.

ముందున్నవాడి జేబులో ఫోన్ మోగింది. ఎత్తి విన్నాడు. "ఎక్కడా? సరే, సరే" అన్నాడు. బండి స్టార్ట్ చేశాడు. ఎదిల్మా గొడుగు సగం తీసి, దారికి అడ్డంగా నిలబడిపోయింది.

"పక్కకి జరగమ్మా!" అని వెనకవాడు విసుక్కున్నాడు. ఆమె జరిగింది. బండి ఆమె సంచిని రాసుకుంటూ చర్చి వైపు వెళ్లిపోయింది.

గొడుగు పూర్తిగా బయటికొచ్చింది. ఫౌస్తో ముందుకి నడిచాడు.

"దుంపల ఫౌస్తోని."

"సెగుందో గారు రాలేదా?" అంది ఆ అమ్మాయి. ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"దారిలో చెబుతాను. నడు తల్లీ."

రుమిచాకా వంతెన మీద, సరిగ్గా మధ్యలో, ఫౌస్తో జేబులో చచ్చిపడి ఉన్న సొంత ఫోన్‌కి ప్రాణమొచ్చింది. సొంత దేశపు టవరు అందింది. స్వదేశానికి స్వాగతం అని ఒక మెసేజ్. ఎదిల్మా అతని చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. రెండో మెసేజ్ ఆఫీసు నుంచి: ఉదయం మీ కాల్ ముప్పై సెకన్లే. మిగిలిన కొసరు సెకన్లు ఎలా వినియోగించారో తెలుపగలరు.

*

ఎదిల్మా జాబితాతో నాలుగు లారీలు పట్టుబడ్డాయి. కస్టమ్స్‌లో ఏడుగురు అరెస్టయ్యారు. అవతలి పోలీసులు ముసలావిణ్ణీ, పసుపు కోటునీ, ఆరు ఫోన్లనీ పట్టుకెళ్లారు. దోన్యా రొసల్బా అల్లుతున్న స్వెట్టరు చిన్నపిల్లలదట. వియొలెతా ఎర్ర కోటుతో సహా ఎటో మాయమైంది. పేపర్లో ఎకనమిస్ట్ అర్రోబో ఫొటో వేశారు.

ఫౌస్తో ఆయన ముందు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సెగుందో చనిపోయే ముందు వారం రెండు కలెక్ట్ కాల్స్ వచ్చాయి. మీరు కాదన్నారు."

అర్రోబో రిజిస్టరు తీశాడు. వేలితో వెతికాడు. "అవును. మంగళవారం ఒకటి, గురువారం ఒకటి. నిరాకరించాం. సర్క్యులర్ ప్రకారమే జరిగింది." తలెత్తాడు. "ఏమైనా ముఖ్యమైన విషయమా?"

ఫౌస్తోకి ఆ రిజిస్టరుతో ఆయన నెత్తిన మోదాలనిపించింది. మోదలేదు. నలభై నాలుగేళ్ల ఉద్యోగస్తుడి చేతులు అంత తేలిగ్గా లేవవు. ఆ సంగతి తల్చుకుని తన మీద తనకే అసహ్యం వేసింది.

"సెగుందోకి ముఖ్యమైనదే," అని బయటికొచ్చేశాడు.

ఆ సాయంత్రం నార్సిసా ఇంటికెళ్లాడు. ఆమె కాఫీ ఇచ్చింది. చిన్నది గడపలో కూర్చుని దుంపల సంచి విప్పుతోంది.

"పిల్ల బతికిందా?" అని మాత్రం అడిగింది.

"బతికింది."

"ఆ ముసల్దాని గొంతు వినగానే ఫోన్ గోడకేసి కొడదామనుకున్నాను కొంపాద్రే," అంది. ఖాళీ కప్పు తీసి పక్కన పెట్టి మళ్లీ తనే అంది. "మా ఆయనక్కూడా చెబుతానన్నానుగా. చెప్పాను. సమాధి దగ్గరికెళ్లి చెప్పాను."

నెలాఖరుకి రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది సర్క్యులర్ పదిహేను: ఇపియాలెస్‌లో పాత మూల మూతపడినందున ఏజెంట్లు అంతే చౌకైన మరో మూలని వెతికి తెలుపవలెను. రెండోది ఫౌస్తో ఖర్చుల మీద అభ్యంతరం. ఒక గృహిణికి చేసిన కాల్ వ్యక్తిగతం కింద లెక్కకొస్తుంది కాబట్టి రెండు వందల పెసోలు జీతంలో కోసుకున్నారు. కొసరు సెకన్లకి మాత్రం ఏమీ పట్టుకోలేదు.